చందా అడిగే బాక్స్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా పద్యాల సైటు పాఠకుల చందాలతోనే నడుస్తోంది, యాడ్స్ వద్దనుకున్నాం. సర్వర్ బిల్లు దగ్గరపడిందని చందా బాక్స్ పేజీ పైనే పెట్టాం. మొన్న అమ్మ ఫోన్‌లో తెరిస్తే అది సగం స్క్రీన్ కప్పేసి, పద్యం ఎక్కడో కిందికి పోయింది, డబ్బు కడితేనే చదవనిస్తారేమో అనుకుని మూసేసింది. ఏం చేయమంటారు?

జవాబు: పద్యం అయ్యాక అడగండి. ఒకసారి మూసినవాళ్లకు కనీసం నెల రోజులు మళ్లీ చూపించొద్దు.

జవాబు: చోటు కన్నా మాటలు ముఖ్యం అండి. 2022లో ఇంగ్లీషు వికీపీడియా రాసేవాళ్లే విరాళాల బ్యానర్లలో మాటలు పాఠకులను తప్పుదోవ పట్టిస్తున్నాయని గట్టిగా పట్టుబడితే, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాటిని మార్చింది. అక్కడ ఖాతా ఉన్నవాళ్లు విరాళాల బ్యానర్లను ఆపేసుకోవచ్చు కూడా. మీరైతే బిల్లు ఎంత, ఇప్పటికి ఎంత వచ్చింది, అదే రాయండి.

ప్రశ్న అడిగినవారు: బాక్స్ ఇప్పుడే కిందికి దించాను, రాత్రికి లెక్క కూడా పెడతాను.