‘పునరుజ్జీవనం’లో ‘పునః’ అవసరమా? అసలు పోయిందేమిటి?

అనువాదకురాలు:
పిల్లల కోసం ఐరోపా చరిత్ర పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. రినైసాన్స్ (ప్రాచీన గ్రీకు, రోమన్ విద్యలూ కళలూ మళ్లీ బతికాయని చెప్పుకునే కాలం) దగ్గర బండి ఆగింది. పాఠ్యపుస్తకాల్లో ‘సాంస్కృతిక పునరుజ్జీవనం’ అని ఉంది. సంస్కృతంలో ‘ఉజ్జీవనం’ అన్నా మళ్లీ ప్రాణం పోసుకోవడమే కదా, ముందు ఇంకో ‘పునః’ ఎందుకు? ఫ్రెంచి మాటను ఉన్నదున్నట్టు తెస్తే ‘పునర్జన్మ’ అవుతుంది. అది రాస్తే పిల్లలు పూర్వజన్మ కర్మల గురించి అడుగుతారు. ‘పునర్వికాసం’ అని రాసేవాళ్లూ ఉన్నారు. ఏది ఉంచమంటారు?

తెనాలి సభ్యుడు:
‘నడిమధ్య’ అనడం లేదా అండీ మనం? వాడుకలో నిలబడ్డ మాటను విడగొట్టి చూస్తే సగం నిఘంటువు ఎగిరిపోతుంది. ఉంచేయండి.

చరిత్ర మాస్టారు:
‘పునః’ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పేరు ఎవరు పెట్టారో చూడమ్మా. సంగతి ఇటలీది, మాట ఫ్రెంచిది. 1550లో ఇటలీ చిత్రకారుడు వసారి చిత్రకారుల, శిల్పుల జీవితాలు రాస్తూ ‘రినాషిత’ (మళ్లీ పుట్టడం) అన్నాడు, అదీ కళ గురించే. ఒక యుగం మొత్తానికి పేరుగా స్థిరపడింది 19వ శతాబ్దంలో. 1855లో ఫ్రెంచి చరిత్రకారుడు మిష్‌లే తన ఫ్రాన్స్ చరిత్రలో ఒక సంపుటానికి ‘రినైసాన్స్’ అని పేరు పెట్టాడు. 1860లో స్విస్ చరిత్రకారుడు బుర్క్‌హార్ట్ ఇటలీ గురించి జర్మన్‌లో రాస్తూ కూడా ఆ ఫ్రెంచి మాటనే ఉంచేశాడు.

ఇక పోయిందేమిటి అంటారా, లాటిన్ అయితే పోలేదు. చర్చిలో, కోర్టులో, పారిస్, బొలోన్యా విశ్వవిద్యాలయాల్లో రోజూ మాట్లాడారు, రాశారు, అవసరమైనప్పుడు కొత్త మాటలు పుట్టించుకున్నారు. అరిస్టాటిల్‌ను 12, 13 శతాబ్దాల్లోనే అరబ్బీ నుంచి, గ్రీకు నుంచి తెచ్చుకుని చదివారు. ఇటలీ కవి పెట్రార్క్‌కి (1304-74) గిట్టనిది ఆ వాడుక లాటినే. ఆయనకు ప్రాచీన రోమన్ వక్త సిసెరో రాసిన లాటిన్ కావాలి. 1345లో వెరోనాలో సిసెరో తన మిత్రుడు అట్టికస్‌కి రాసిన ఉత్తరాలు దొరికాయి. ఆనందం పట్టలేక, పోయి దాదాపు 1400 ఏళ్లయిన సిసెరోకే ఉత్తరం రాశాడు. ముసలితనంలో ఆ రాజకీయ తగాదాల్లో తల ఎందుకు దూర్చావని కోప్పడ్డాడు కూడా! తనకు ముందున్న కాలాన్ని చీకటిగా చూపించిందీ ఆయనే. అంటే చనిపోయిందన్నదీ, మళ్లీ బతికిందన్నదీ ఒక పక్షం వాళ్లే. నన్నడిగితే మీ పుస్తకంలో ‘పునరుజ్జీవనం’ అనే రాయండి, పక్కన ‘అని వాళ్లు అనుకున్నారు’ అని ఒక్క ముక్క చేర్చండి.

గ్రూప్స్‌కి చదువుతున్న సభ్యుడు:
సార్, మా నోట్సులో 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల వశమైంది, గ్రీకు పండితులు ఇటలీకి వచ్చారు, అదే కారణం అని ఉంది. తప్పా?

చరిత్ర మాస్టారు:
సగం నిజం బాబూ. పండితులు వచ్చారు, పుస్తకాలూ వచ్చాయి. కానీ మాన్యుయెల్ క్రైసొలొరాస్ అనే గ్రీకు పండితుడు అంతకు 56 ఏళ్ల ముందే, 1397లో, ఫ్లోరెన్స్‌లో గ్రీకు పాఠాలు మొదలుపెట్టాడు. ఆ నగర ఛాన్సలర్ కొలూచ్చో సలుతాతి పట్టుబట్టడంతో నగర ప్రభుత్వమే జీతమిచ్చి పిలిపించింది. పాత ప్రతుల వేటగాడు పోజ్జో బ్రాచ్చొలీనికి స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠంలో రోమన్ అధ్యాపకుడు క్వింటిలియన్ గ్రంథం పూర్తి ప్రతి దొరికింది 1416లో, మరుసటి ఏడు రోమన్ కవి లుక్రీషియస్ కావ్యం. ఈ గ్రంథాలను ఇన్నాళ్లూ నకళ్లు రాసి కాపాడింది ఎవరు? చీకటి యుగం అని తిట్టించుకున్న సన్యాసులే. పరీక్షలో మాత్రం 1453కే టిక్ పెట్టు, టెన్షన్ ఎందుకు.

ఫాంట్లు గీసే సభ్యురాలు:
దీనికి కొనసాగింపుగా ఒకటి చెప్పనా? పోజ్జో లాంటివాళ్లకు దొరికిన ప్రతుల్లో చాలావాటి లిపి షార్లమేన్ చక్రవర్తి కాలం నాటిది, 9వ శతాబ్దం అటూ ఇటూ. వీళ్లు దాన్ని ప్రాచీన రోమన్ల రాత అనుకుని ‘పాత లిపి’ అని పేరు పెట్టి, ముచ్చటపడి అనుకరించారు. తర్వాత అచ్చు అక్షరాలు దాన్ని చూసే పోతపోశారు. ఇప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించే ‘రోమన్’ చిన్న అక్షరాల వంశం అదే. పేరుకే రోమన్.

తెనాలి సభ్యుడు:
అయితే మాస్టారూ, వీళ్లు గ్రాంథికవాదులన్నమాట! సన్యాసులూ లాయర్లూ వ్యావహారికం వైపు.

చరిత్ర మాస్టారు:
ఆ మాట నేను అనకూడదని ఆగాను, మీరు అనేశారు. పూర్తిగా కుదరదు, ఎందుకంటే అప్పటికి లాటిన్ ఎవరికీ తల్లిభాష కాదు. గిడుగు వారు వాదించింది ఇంట్లో మాట్లాడే తెలుగు కోసం. కానీ ‘పూర్వకవి ప్రయోగం ఉందా?’ అనే జబ్బు మాత్రం ఇద్దరిదీ ఒకటే. 1528లో డచ్ పండితుడు ఎరాస్మస్ ‘సిసెరోనియానుస్’ అనే సంభాషణ రాసి ఈ జబ్బును ఆటపట్టించాడు. అందులో నోసోపోనుస్ అనే పెద్దమనిషి సిసెరో వాడిన మాటలన్నిటికీ నిఘంటువు కట్టుకుంటాడు. ఒక క్రియాపదాన్ని సిసెరో వాడాడు సరే, ఈ పురుషలో, ఈ కాలంలో వాడాడా అని కూడా చూస్తాడు. చప్పుడు రాకుండా మందపాటి గోడలు, రెండేసి తలుపులు, సందులన్నీ పూడ్చిన గదిలో రాత్రిపూట కూర్చుని ఒక్కో వాక్యం రాస్తాడు. ఎరాస్మస్ ప్రశ్న ఒకటే: క్రైస్తవం పుట్టకముందే పోయిన సిసెరో మాటలతో చర్చి సంగతులు ఎలా చెబుతావయ్యా? మామూలు పనులకు పనికొస్తున్న లాటిన్‌ను కొయ్యబార్చింది ఈ భక్తులేనని నా అభిప్రాయం.

అనువాదకురాలు:
మరి ఇంత చాదస్తం వల్ల ఒరిగిందేమైనా ఉందా?

చరిత్ర మాస్టారు:
ఒరిగింది. చాదస్తం ముదిరితే వాసన పట్టే శక్తి వస్తుంది. ఏ మాట ఏ కాలానిదో ఇట్టే తెలిసిపోతుంది. 4వ శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టాంటైన్ రోమ్ మీద, పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోప్ సిల్వెస్టర్‌కి రాసిచ్చాడని ఒక దానపత్రం ఉండేది. పోపులు తమ అధికారానికి దాన్ని చూపించేవారు. జర్మన్ మతపండితుడు కూసా నికోలస్ లాంటివాళ్లకు అనుమానాలున్నాయి. 1440లో ఇటలీ లాటిన్ పండితుడు లోరెంజో వల్లా దాని భాషనే బోనెక్కించాడు. పత్రంలో రోమ్ అధికారులను ‘సాత్రప్’లు అన్నారు. అది పారశీక రాజప్రతినిధుల పేరు, కాన్‌స్టాంటైన్ రాజ్యంలో ఆ హోదానే లేదు. కిరీటం అనే అర్థంలో వాడిన ‘డయడెమ్’ నిజానికి బట్టతో చేసిన తలకట్టు, పత్రంలో మాత్రం అది మేలిమి బంగారంతో చేసింది. అప్పటికింకా కట్టని కాన్‌స్టాంటినోపుల్ గొప్ప మతపీఠంగా అందులో ఉంది! కాకతీయుల శాసనమని ఎవరో రాయి తెస్తే, దాంట్లో ‘తహసీల్దారు’ అని కనబడితే మనకెలా ఉంటుందో అలాగన్నమాట. ఇప్పుడు చరిత్రకారులు దాన్ని 8వ శతాబ్దపు దొంగపత్రం అనే అంటారు. ఒక్క సంగతి మరవకూడదు. వల్లా అప్పట్లో పోప్‌తో తగాదా పడుతున్న అరగాన్ రాజు ఆల్ఫోన్సో కొలువులో ఉన్నాడు. శుద్ధ పాండిత్యమే అనుకోవద్దు.

గ్రూప్స్‌కి చదువుతున్న సభ్యుడు:
పోప్ ఊరుకున్నాడా సార్?

చరిత్ర మాస్టారు:
1444లో నేపుల్స్‌లో మతవిచారణ జరిగింది, రాజు అడ్డుపడి కాపాడాడు. తర్వాత వచ్చిన పోప్ ఐదో నికోలస్ పుస్తకాల పిచ్చివాడు. వల్లాకి రోమ్‌లో తన దగ్గరే ఉద్యోగమిచ్చి, థుసిడిడీస్ చరిత్రను గ్రీకు నుంచి లాటిన్‌లోకి అనువాదం చేయించుకున్నాడు. 1452కల్లా పని పూర్తయింది.