దూడను తల్లి దగ్గర వదలాలా, పుట్టగానే విడదీయాలా?

కొత్తపాక: మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసు ఆవు వారంలో ఈనుతుంది, తొలిచూలు. పుట్టగానే దూడను తల్లి కంట పడకుండా తీసేసి ముర్రుపాలు సీసాతో పట్టమని డాక్టరు గారు చెప్పారు. మా అమ్మేమో పాపం తగులుతుందంటోంది. రెండు రోజుల నుంచి ఇంట్లో ఇదే టెన్షన్. మీరేం చేస్తున్నారు?

ఇరవైపొదుగులు: డాక్టరు చెప్పిందే చెయ్యి తమ్ముడూ. నా దగ్గర ఇరవై ఉన్నాయి, అన్నీ క్రాసులే. ఐదు నిమిషాలు నాకనిచ్చినా చాలు, ఆవుకు మమకారం పడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఆలస్యంగా విడదీస్తే అంత ఎక్కువ అరుస్తుంది. ముర్రుపాలు మాత్రం మొదటి గంటల్లోనే పట్టు, రోజు దాటితే దూడ పేగులు ఆ రోగనిరోధక శక్తిని పీల్చుకోలేవు. తల్లికి వదిలేస్తే తాగిందో లేదో మనకేం తెలుస్తుంది?

బీడుమంద: అయ్యా, ఒంగోలు ఆవును దూడ లేకుండా చేపించి, అంటే పొదుగులోకి పాలు దింపించి చూపించండి, నేను మీసం తీసేస్తా. మా ఆవొకటి మేతకు పోయి బీడులోనే ఈని, దూడను తుమ్మ తుప్పల్లో దాచి, సాయంత్రం ఏమీ ఎరగనట్టు మందతో ఇంటికొచ్చింది. పొదుగు చూసి మాకు అనుమానం వచ్చింది. మర్నాడు దాని వెనకాలే పోతే దూడ చెవి కూడా కదపకుండా పడుకుని ఉంది. అది తల్లి నేర్పిన తెలివి. సీసా నేర్పుతుందా?

గడ్డివామి: మా తాత దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టేవాడు. చేపేది.

ఇరవైపొదుగులు: ఒంగోలు సంగతి ఎవరడిగారు? క్రాసు ఆవు దూడ లేకపోయినా చేపుతుంది, మిషన్ చప్పుడు వింటేనే పాలు కారతాయి.

బీడుమంద: మిషన్ చప్పుడుకా, సూదికా? ఆక్సిటోసిన్ పొడిచి పాలు దింపడం 1960 జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం, తెలుసా?

ఇరవైపొదుగులు: నేను సూది వేశానని ఎవరు చెప్పారు మీకు? నోరు అదుపులో పెట్టుకోండి. దూడను వదిలీ చూశాను నేను. వదిలితే ఆవు ఎగచేపుతుంది, చివరి పాలు దూడ కోసం దాచుకుంటుంది, వెన్నంతా ఆ చివరి పాలల్లోనే ఉంటుంది. పాల కేంద్రంలో ఫ్యాట్ పడిపోయి, నీళ్లు కలిపావా అని నలుగురిలో అడిగించుకున్నాను. ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

టైన్‌నది_తెలుగు: ఇక్కడ ఇంగ్లండ్‌లో చిల్లింగ్‌హామ్ అని ఒక తెల్ల ఆవుల మంద ఉంది, వందల ఏళ్లుగా ఎవరూ మచ్చిక చేయలేదు. అవీ అంతే, ఈనేముందు మందకు దూరంగా పోయి కొన్ని రోజులు దూడను దాస్తాయి.

ఇరవైపొదుగులు: ఆ మందను ఎవరైనా పిండుతారా అన్నా? వాటికి దాణా అప్పు ఉందా?

బీడుమంద: అప్పు అందరికీ ఉంది. ఒక్కటి చెప్పండి, నిరుడు మీ పాకలో కోడెదూడలు ఎన్ని పుట్టాయి, ఎన్ని బతికాయి?

గడ్డివామి: అదీ అడగాల్సింది.

ఇరవైపొదుగులు: ఐదు పుట్టాయి. ఒకటి బతికింది. తిట్టండి. మీకు ఒంగోలు కోడె పుడితే బండలాగుడు పందేలవాళ్లు ఇంటికొచ్చి బేరమాడతారు. నాకు పుట్టిన దానికి మూపురం ఉండదు, కాడి నిలవదు, ఎండకు రొప్పుతుంది, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. తల్లి దగ్గర వదిలితే మాత్రం దానికి పాలు ఎవరు మిగులుస్తారు? నేను విడదీసేది ఆవు అరుస్తుందని కాదు, నాకు దాన్ని చూడబుద్ధి కాదు.

చిట్టితవుడు: సెక్స్‌డ్ సెమెన్ వేయించండి, పదింటికి తొమ్మిది పేయదూడలే.

బీడుమంద: ఆ కోడెదూడల మాట మొదటే చెప్పుంటే సూది మాట అనేవాణ్ణి కాదు. మాకూ ఇప్పుడు రెండే మిగిలాయి లెండి, బీడు ప్లాట్లయిపోయింది. అవి కూడా గుంజకే. అయినా పేయైనా కోడైనా నాలుగు రోజులు నాకనివ్వాలనే అంటాను నేను.

ఇరవైపొదుగులు: నాలుగు రోజుల తర్వాత ఆ అరుపు వినడానికి మీరొస్తారా?

కొత్తపాక: మీరు తేల్చేలోపే రాత్రి ఈనేసింది. మేం లేచేసరికి నాకి ఆరబెట్టేసింది, అమ్మ పక్కనే కూర్చుని ఉంది, దగ్గరకి వెళ్లనివ్వడం లేదు. కోడెదూడే.

ఇరవైపొదుగులు: ముర్రుపాలు తాగిందా?