గుంటూరు ఎండల్లో ఆపిల్: చలికాలం ఆకు దూస్తే పూత వస్తుందా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, నల్లరేగడి నేల. నీరు నిలవకుండా పెరట్లో మట్టి ఎత్తు చేసి ‘అన్నా’ (Anna), ‘డోర్సెట్ గోల్డెన్’ అనే రెండు ఆపిల్ రకాల అంటు మొక్కలు పక్కపక్కనే పెట్టాం, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అందుతుందని. సిమ్లా వైపు పాతకాలపు డెలిషియస్ ఆపిల్ రకాలకి పూత రావాలంటే 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా కావాలి, ఇక్కడ అది అయ్యే పని కాదు. మా రెండు రకాలకి 300 గంటల్లోపే చాలంటారు, మనకి అదీ దొరకదు కదా! మా నాన్నగారికి మాత్రం ఇంటి ఆపిల్ కోయాలని ఎంతో ఆశ.

మొక్కలు ఏపుగానే ఉన్నాయి. కానీ సంక్రాంతి దాటినా ఆకు రాలదు. కొమ్మ చివర లేత చిగురు, కింద అంచులు మాడి గరుకుదేలిన ముదురాకు, పూమొగ్గ జాడే లేదు. డిసెంబర్‌లో నీళ్లు తగ్గించి ఆకంతా చేత్తో దూసేయొచ్చా? గుంటూరు, విజయవాడల్లో నిజంగా కాయ కోసినవాళ్లుంటే ఏ నెలలో దూశారో, మే ఎండలకి గ్రీన్ నెట్ కట్టారో లేదో దయచేసి చెప్పండి.