వీఆర్‌లో కాక్‌పిట్ పక్కకు జరిగిపోతా ఉంది: ట్రాకింగా, ఫ్రేములా?

బైరాగిపట్టెడ బోయింగ్
అన్నలూ, ఎంఎస్‌ఎఫ్‌ఎస్ 2020 (మైక్రోసాఫ్ట్ వాళ్ల విమానం నడిపే గేమ్) వీఆర్‌లో, అంటే కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకోని, ఆడతా ఉండా. రేణిగుంట రన్‌వే 26 మీద లేచి, కుడిపక్క శేషాచలం కొండలు చూద్దామని తల తిప్పితే సీటు ఎడమకి జారిపోతాది. ఒక్కోసారి నా మొహం నేరుగా మీటర్ల ప్యానెల్ లోపలికి దూరిపోతాది. హెడ్‌సెట్ సెకండ్ హ్యాండ్, కెమెరాలు దానిమీదే ఉండే రకం. అమ్మినోడు ఫోన్ ఎత్తడంలేదు. గ్రాఫిక్స్ కార్డు మార్చాల్నా?

పుత్తూరు పైలట్
కార్డు జోలికి పోవద్దు సామీ, బూడిదలో పోసిన పన్నీరే. ముందు రోగం ఏందో తేల్చుకో. తల తిప్పినప్పుడు బొమ్మ అదిరి, రెక్క అంచు రెండుగా కనబడితే ఫ్రేములు (సెకనుకి వచ్చే బొమ్మలు) చాలడంలేదని. బొమ్మ నున్నగానే ఉండి కాక్‌పిట్టే నిన్నొదిలి జరిగితే అది ట్రాకింగ్, అంటే నీ తల యాడుందో హెడ్‌సెట్ కనిపెట్టే పనిలో తేడా. సిమ్ (ఆ విమానం గేమ్) మూసేసి, హెడ్‌సెట్ హోమ్ స్క్రీన్‌లో కూర్చోని తల తిప్పి చూడు. ఆడ కూడా జరిగితే సిమ్‌ను తిట్టి లాభంలేదు.

చిత్తూరు డీసీఎస్
అంతవరకూ స్పేస్‌బార్ కొట్టుకో, వ్యూ మధ్యకొస్తాది. డీసీఎస్‌లో (యుద్ధవిమానాల సిమ్) అయితే నంబర్ ప్యాడ్ 5.

బైరాగిపట్టెడ బోయింగ్
హోమ్‌లోనూ జరుగుతా ఉందన్నా, కానీ బాగా తక్కువ. గది చిన్నది, చుట్టూ తెల్లసున్నం. రాత్రి ఫ్లైట్ అయితే లైటు తీసేస్తా, ఆ మజా వేరు కదా.

అలిపిరి ఆల్టిట్యూడ్
మజా పక్కన పెట్టు. ఆ కెమెరాలు గదిలో మూలలు, అంచులు, మరకలు పట్టుకోని, అవి ఎంత కదిలినాయో చూసి నీ తల యాడుందో లెక్కగడతాయి. మధ్యలో సందుల్ని తల తిరగడం కొలిచే జైరో, వేగంలో మార్పు కొలిచే యాక్సిలరోమీటర్ పూడుస్తాయి. చీకట్లో, ఉత్త తెల్లగోడ ముందర కెమెరాలకి పట్టు దొరకదు. అప్పుడు తల ఎటు తిరిగిందో జైరో బాగానే చెప్తాది గానీ, యాక్సిలరోమీటర్ లెక్కలో చిన్న తేడా క్షణాల్లో పెద్దదైపోతాది. తిరగడం సరిగ్గానే ఉండి, ఉన్న చోటు మాత్రం తేలిపోయేది అందుకే.

ఎదురుగోడకి రెండు టీటీడీ క్యాలెండర్లు తగిలించు, గళ్ల దుప్పటి ఉన్నా సరే. అద్దం ఉంటే కప్పెయ్. గ్లాసు ఫ్రేము పటాల్లో లైటు మెరస్తా ఉంటే అవీ తకరారే. చీకటే కావాలంటే సీసీ కెమెరాలు అమ్మే అంగట్లో ఐఆర్ ఇల్యూమినేటర్ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైటు) అడుగు, 850 నానోమీటర్లది. గదిలో వెలుగు కనబడదు, హెడ్‌సెట్‌కి మాత్రం పట్టపగలే. గోడవైపు తిప్పి పెట్టు, కళ్లకి సూటిగా వద్దు.

కాణిపాకం కాక్‌పిట్
నీది మెటా వాళ్ల క్వెస్ట్ హెడ్‌సెట్ అయితే సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ చూడు. మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన పీసు 60 మీద ఉండొచ్చు. చోక్ ఉండే పాత ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలిగి ఆరుతాది, మనకి కనబడదు, కెమెరాకి కనబడతాది.

పుత్తూరు పైలట్
ఇంకో మాట, మానిటర్ ఎంత దూరంలో ఉండాది? సిమ్ వాళ్లంతా యోక్ (విమానం స్టీరింగు) పెట్టుకోని స్క్రీన్‌కి మొహం ఆనించినట్టే కూర్చుంటారు. హెడ్‌సెట్‌లో బొమ్మే దాంట్లోనూ కదలతా ఉంటాది. కెమెరాలకి కనబడేదంతా ఆ కదిలే బొమ్మే అయితే గది తిరగతా ఉందని మోసపోతాయి. నాకైతే క్యాలెండర్ల కంటే ముందు దీనిమీదే అనుమానం. మానిటర్ స్విచ్ ఆఫ్ చేసి చూడు, పైసా ఖర్చులేదు.

చిత్తూరు డీసీఎస్
మోషన్ సీటు (విమానంతో పాటు ఊగే సీటు) ఉండేవాళ్లకి కథ వేరు. సీటు ఊగేదాన్ని కూడా హెడ్‌సెట్ తల కదలికే అనుకుంటాది, ఆ ఊగుడిని లెక్కలోంచి తీసేసే మోషన్ కాంపెన్సేషన్ పెట్టుకోవాల. హెచ్‌పీ రివర్బ్ జీ2 హెడ్‌సెట్ ఉండేవాళ్లు విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వేసుకోవద్దండ్రా, దాన్ని నడిపించే విండోస్ మిక్స్‌డ్ రియాలిటీనే మైక్రోసాఫ్ట్ అందులో తీసేసింది.

బైరాగిపట్టెడ బోయింగ్
పైలటన్నా, మానిటర్ ఆపినాక ముప్పాతిక రోగం పోయింది! ఫ్రీక్వెన్సీ 50లోనే ఉండాది. అవ్వ గదిలో క్యాలెండర్ తెచ్చి కట్టినా, ఆమె తిథి చూసుకోడానికి ఇప్పుడు నా గదికొస్తా ఉంది. ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఐదులో పెడితేనే కాస్త వణుకు. ట్యూబ్‌లైటు ఫ్యాన్ కంటే పైనుంది, రెక్కల నీడ గోడమీద గిర్రున తిరగతా ఉంది.

కాణిపాకం కాక్‌పిట్
అయితే ఫ్యాన్ ఆపెయ్.

బైరాగిపట్టెడ బోయింగ్
మే నెలలో, తిరుపతిలోనా?

అలిపిరి ఆల్టిట్యూడ్
ట్యూబ్‌లైటు తీసేసి, ఫ్యాన్ రెక్కలకంటే కిందగా గోడకి ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టించు. హెడ్‌సెట్ తీసినాక కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు, ఎండ లెన్సుల్లో పడితే లోపల స్క్రీన్ కాలిపోతాది.