పెద్ద లారీ టెస్టు దగ్గర పడింది: ట్రైలర్ రివర్సు, గాలి బ్రేకుల తనిఖీ కుదరడం లేదు

కొత్తస్టీరింగ్:

నమస్కారం అండీ. కారు, చిన్న ట్రక్కు బాగానే నడుపుతాను. ఇప్పుడు పెద్ద లారీ, దాంతోపాటు ట్రైలర్ నేర్చుకుంటున్నాను. టెస్టుకి ఎక్కువ టైము లేదు. మూడు చోట్ల దెబ్బ తింటున్నాను.

ఒకటి, ట్రైలర్‌తో రివర్సు. కాస్త దూరం చక్కగా వస్తుంది, ఉన్నట్టుండి మడత పడిపోతుంది. ఆ తర్వాత స్టీరింగ్ ఎంత తిప్పినా సర్దుకోదు. రెండు, ఇరుకు మలుపుల్లో వెనక చక్రం గట్టు ఎక్కేస్తోంది. మూడు, బండి కదిలించే ముందు చేసే గాలి బ్రేకుల తనిఖీ. వరస బట్టీ పట్టాను. కానీ ఏది ఎందుకు చేస్తున్నామో తెలియక మధ్యలో తడబడుతున్నాను.

గేరుబాక్సు సింక్రో (గేర్ల వేగాలని దానంతట అదే కలిపే అమరిక) లేనిది, కింది వరస గేర్ల నుంచి పై వరసకి మార్చే రేంజి స్విచ్ ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరా?

ఎయిర్‌ట్యాంక్:

బ్రేకుల సంగతి నేను చెప్తాను. బట్టీ పట్టకండి. ఒక్క విషయం అర్థమైతే వరస దానంతట అదే గుర్తుంటుంది.

కాలితో తొక్కే బ్రేకు గాలి ఉంటేనే పడుతుంది. పార్కింగ్ బ్రేకు గాలి లేకపోతే పడుతుంది. పార్కింగ్ బ్రేకు చాంబరులో బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి దాన్ని అణిచిపెట్టి ఉంచినంతసేపే చక్రం వదులుగా ఉంటుంది. గాలి పోయిందంటే స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది. మీరు చేసే తనిఖీ అంతా ఈ రెండూ పనిచేస్తున్నాయా, గాలి ఎక్కడైనా కారుతోందా అని చూసుకోవడమే.

మొట్టమొదట చక్రాలకి అడ్డు దిమ్మలు పెట్టండి. ఇది మర్చిపోతే మిగతాదంతా ప్రమాదం, ఎందుకంటే మధ్యలో పార్కింగ్ బ్రేకు వదలాల్సి ఉంటుంది. ఇంజన్ ఆన్ చేసి గాలి నిండనివ్వండి. చాలా బండ్లలో 120-130 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర, అంటే 8 నుంచి 9 బార్ మధ్య, గవర్నర్ (ఒత్తిడిని అదుపులో ఉంచే వాల్వు) గాలి నింపే కంప్రెసర్‌ని ఆపుతుంది. గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్ నుంచి బుస్సుమని శబ్దం వస్తుంది.

ఇప్పుడు ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, పార్కింగ్ బ్రేకు వదలండి. ఒక నిమిషం గేజి చూడండి. విడి లారీకి 2 పీఎస్‌ఐ, ట్రైలర్ ఉంటే 3 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు. తర్వాత పెడల్ గట్టిగా తొక్కి పట్టండి. తొక్కగానే ముల్లు ఒక్కసారి కిందికి దిగుతుంది. గాలి చాంబర్లలోకి వెళ్ళింది కాబట్టి అది మామూలే, లెక్కలోకి రాదు. అది నిలకడ అయ్యాక నిమిషం లెక్కపెట్టండి: విడి లారీకి 3, ట్రైలర్‌తో 4. చాలామంది ఆ మొదటి దిగుడు చూసి లీకు అనుకుని కంగారుపడతారు.

తర్వాత పెడల్ మీద పదేపదే తొక్కి గాలి తగ్గించండి. సుమారు 60 పీఎస్‌ఐకి, అంటే 4 బార్‌కి దిగేలోపే హెచ్చరిక లైటో బజరో రావాలి. ఇంకా తగ్గిస్తే 45 నుంచి 20 మధ్య పార్కింగ్ బటన్ దానంతట అదే బయటికి తన్నుకొస్తుంది. బటన్ బదులు లివర్ ఉన్న బండ్లలో ఈ చివరి మెట్టు వేరుగా ఉంటుంది. ఇవి సాధారణంగా వాడే హద్దులు. మీ బండి పుస్తకంలో వేరే అంకెలుంటే టెస్టులో అవే చెప్పండి.

మళ్ళీ గాలి నింపి, పార్కింగ్ బ్రేకు వేసి, దిమ్మలు తీసి, కింది గేరులో మెల్లగా లాగి చూడండి. బండి కదలకూడదు. ఆ తర్వాత బ్రేకు వదిలి నడక వేగంతో కదిలి, కాలి బ్రేకు వేసి చూడండి. ఒక పక్కకి లాగకూడదు.

బండి కింద చూసేటప్పుడు: చక్రాలకి దిమ్మలు, పార్కింగ్ బ్రేకు వదిలి ఉండాలి. స్లాక్ అడ్జస్టర్‌ని (పుష్ రాడ్‌ని బ్రేకుకి కలిపే మీట) చేత్తో గట్టిగా లాగితే పుష్ రాడ్, అంటే చాంబరు నుంచి వచ్చే కడ్డీ, ఇంచుమించు 25 మిల్లీమీటర్లకి మించి కదలకూడదు. మించితే బ్రేకు సర్దుబాటు తప్పినట్టే. ట్యాంకుల అడుగున డ్రెయిన్ లాగి నీళ్ళు వదలండి. నీళ్ళు నిలిస్తే గాలికి చోటు తగ్గుతుంది, వాల్వులు పాడవుతాయి, చలి ప్రాంతాల్లో గడ్డకట్టి బ్రేకే పడదు. నీళ్ళతో పాటు నూనె ఎక్కువగా వస్తే కంప్రెసర్ అరుగుతోందని గుర్తు. స్ప్రింగు చాంబరు బిగింపు మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. లోపలి స్ప్రింగు మనిషిని చంపేంత బలంతో బయటికి వస్తుంది.

రోడ్డు మీద గుర్తుంచుకోవలసింది, తొక్కిన వెంటనే బ్రేకు పడదు. గొట్టాల్లో గాలి చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అర సెకనంటే 8 మీటర్లు. మీరు ఆలోచించుకునే సమయం దీనికి అదనం.

వెనకద్దం:

ట్రైలర్ ఎందుకు మడత పడుతోందో ముందు చెప్తాను. వెనక్కి వెళ్ళేటప్పుడు ట్రైలర్‌కి, ముందు బండికి మధ్య ఒకసారి కోణం వచ్చాక, స్టీరింగ్ నిటారుగా పెట్టినా ఆ కోణం ఆగదు. పెరుగుతూనే ఉంటుంది. ముందుకి వెళ్తే దానంతట అదే తగ్గుతుంది. మీ లెక్కలో "తిప్పాను, తిరిగింది, ఇక నిటారు చేస్తే చాలు" అని ఉంది. అది కారు అలవాటు.

ట్రైలర్ తిరగడం మొదలవగానే స్టీరింగ్ వెనక్కి తిప్పి, నిటారు దాటించి ఎదుటి వైపుకి కూడా కాస్త తీసుకెళ్ళాలి. ముందు బండి ట్రైలర్‌ని వెంబడించాలి. కోణం మీరు కోరుకున్నంత కనబడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. కోరుకున్నదాంట్లో సగం రాగానే తిప్పడం మొదలుపెట్టండి.

ఎటు తిప్పాలో గందరగోళంగా ఉంటే స్టీరింగ్‌ని అడుగున, గడియారంలో ఆరు దగ్గర పట్టుకోండి. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది. నిటారుగా రివర్సు చేసేటప్పుడు ఇంకో సూత్రం: ట్రైలర్ ఏ అద్దంలో ఎక్కువ కనబడుతోందో స్టీరింగ్ పైభాగాన్ని ఆ అద్దం వైపుకే తిప్పండి. ఈ రెండు సూత్రాలూ ఒకదానికొకటి ఎదురుగా అనిపిస్తాయి గానీ రెండూ ఒకటే. మొదటిది ట్రైలర్ వెళ్ళాల్సిన దిక్కు చెబుతుంది, రెండోది తప్పిపోయిన దిక్కు చెబుతుంది.

వేగం ఐడిల్‌లోనే. కింది రివర్సు గేరు, క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా. సగం క్లచ్‌తో నెట్టుకొస్తే క్లచ్ ప్లేటు కాలుతుంది, వేగం కూడా కుదుపుగా మారుతుంది. స్టీరింగ్ పావు చుట్టు తిప్పి, ఒక మీటరు కదిలి, ఏమైందో చూసి, ఆ తర్వాతే ఇంకో పావు. పొట్టి ట్రైలర్ చాలా తొందరగా తిరుగుతుంది. పొడుగుది ఆలస్యంగా తిరుగుతుంది, దాంతో జనం అనవసరంగా ఎక్కువ తిప్పేస్తారు.

మొదలుపెట్టే ముందు రెండూ ఒకే గీతలో ఉన్నాయా చూడండి. వంకరగా మొదలైతే చివరిదాకా సర్దుకోవడమే సరిపోతుంది. అద్దంలో ట్రైలర్ పక్క భాగం నిండిపోయి వెనక మూల కనబడకుండా పోయిందంటే పోరాడొద్దు, ఆపి ముందుకి లాగండి. ఇలా ఎన్నిసార్లు లాగొచ్చో, దిగి చూడటానికి ఎన్నిసార్లు అవకాశం ఉందో టెస్టుకి ముందే అడిగి తెలుసుకోండి. అవకాశం ఉండి కూడా దిగకుండా అంచనాతో వెళ్ళి కోను తన్నడం చాలా బాధాకరం. దిగే ముందు న్యూట్రల్, పార్కింగ్ బ్రేకు.

సాధనలో మలుపు రివర్సుకి తొందరపడకండి. ఒక 30 మీటర్లు నిటారుగా, రెండు అద్దాల్లో ట్రైలర్ సమానంగా కనబడేలా వెనక్కి రావడం చేతికి వచ్చాకే మలుపు. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇరుసు:

గట్టు ఎక్కడానికి లెక్క ఉంది. ముందు ఇరుసుకి, వెనక ఇరుసుకి మధ్య 6 మీటర్లు అనుకోండి. ముందు చక్రం 12 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే వెనక చక్రం 10.4 మీటర్లలో తిరుగుతుంది. అంటే 1.6 మీటర్లు లోపలికి కోసుకుంటూ వస్తుంది. ట్రైలర్ తగిలిస్తే ఇంకా ఎక్కువ.

ముక్కు లేని క్యాబిన్లో మీరు ముందు చక్రం కంటే ముందు కూర్చుంటారు. కాబట్టి మలుపు వచ్చేసిందనిపించిన చోట చక్రం ఇంకా రాలేదు. నిటారుగా ఇంకొంచెం వెళ్ళి, ఆలస్యంగా, గట్టిగా తిప్పండి. మలుపు సగం దాటేవరకు కన్ను లోపలి అద్దంలోని వెనక చక్రం మీదే ఎక్కువసార్లు పడాలి. కొందరు ముందుగా అవతలి వైపుకి బాగా జరిగి తర్వాత తిప్పుతారు. లోపలి పక్క ఖాళీ కనబడగానే రెండు చక్రాల బండ్లు దూరిపోతాయి, ఆ పద్ధతి మంచిది కాదు.

వెనక ఇరుసు దాటి బాడీ పొడుగ్గా ఉంటే తోక బయటికి ఊగుతుంది. గోడ పక్కన ఆపిన బండిని తీస్తూ వెంటనే పూర్తిగా తిప్పితే తోక గోడకి కొడుతుంది. కొంచెం నిటారుగా కదిలాకే తిప్పండి.

కొత్తస్టీరింగ్:

చాలా ధన్యవాదాలండీ. కోణం ఆగదన్న మాటతో ఇప్పటిదాకా ఎక్కడ తప్పుతోందో తెలిసింది. ఇంకో రెండు అడుగుతాను. దిగుడు రోడ్డులో గేరు తగ్గించబోతే పడటం లేదు, న్యూట్రల్లో ఉండిపోతోంది. ట్రైలర్ తగిలించేటప్పుడు, దానికి లారీ నుంచి గాలి తెచ్చే ఎర్ర గొట్టం ముందా, తర్వాతా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

డబుల్‌క్లచ్:

దిగుడులో గేరు తగ్గించడం కాదండీ, దిగుడు మొదలవకముందే తగ్గించి ఉండాలి. సింక్రో లేని బాక్సులో గేరు పడాలంటే ఇంజన్ వేగం కింది గేరుకి సరిపోయేంత పైకి రావాలి. బండి వేగం అందుకున్నాక ఇంజన్ అంతదాకా రాలేదు, కాబట్టి పడదు. అప్పుడు ఇంజన్ బ్రేకింగ్ ఏమీ ఉండదు, మొత్తం భారం బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనింగుకి (డ్రమ్ముని రుద్ది ఆపే పట్టీ) దూరం జరుగుతుంది, పుష్ రాడ్ ఎక్కువ దూరం రావాల్సి వస్తుంది, లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. పెడల్ తొక్కినా బండి ఆగని పరిస్థితి ఇలాగే వస్తుంది.

ఎత్తు మీదే సరైన గేరు వేసి, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) ఉంటే ఆన్ చేసి దిగండి. 40 కిలోమీటర్ల వేగంలో దిగాలని నిర్ణయించుకుంటే, 40కి రాగానే గట్టిగా బ్రేకు వేసి 32 దాకా తెచ్చి పూర్తిగా వదిలేయండి. మళ్ళీ 40కి వచ్చినప్పుడు మళ్ళీ. టకటకా తొక్కొద్దు, గాలి అయిపోతుంది. ఖాళీ బండితో తడి రోడ్డు మీద మాత్రం ఎగ్జాస్ట్ బ్రేకు ఆపేయండి, డ్రైవ్ చక్రాలు జారతాయి.

గేరు మార్చడం: పైకి అయితే క్లచ్, న్యూట్రల్, క్లచ్ వదలండి, వేగం పడనివ్వండి, క్లచ్, గేరు. కిందికి అయితే న్యూట్రల్లో క్లచ్ వదిలినప్పుడు యాక్సిలరేటర్ ఇచ్చి వేగం పెంచాలి. గేర్ల మధ్య నిష్పత్తి 1.35 అనుకుంటే, 1500 ఆర్‌పీఎం దగ్గర పై గేరుకి వెళ్తే ఇంజన్ సుమారు 1100కి పడ్డాక లివర్ దానంతట అదే జారుతుంది. బలవంతం చేస్తే గర్రుమంటుంది. కదులుతున్నప్పుడు క్లచ్ సగమే తొక్కండి. అడుగంటా తొక్కితే క్లచ్ బ్రేకు (గేరుబాక్సు షాఫ్టు తిరగకుండా ఆపేది) పడుతుంది, అది ఆగి ఉన్నప్పుడు మొదటి గేరు వేయడానికి మాత్రమే. రేంజి స్విచ్ ఇంకా గేరులో ఉండగానే మార్చి పెట్టుకోండి. లివర్ న్యూట్రల్ దాటేటప్పుడు గాలి దాన్ని మారుస్తుంది. న్యూట్రల్లోకి వచ్చాక స్విచ్ నొక్కితే ఆలస్యమై గేరు చేజారుతుంది.

కింగ్‌పిన్:

ఎర్ర గొట్టం విషయంలో రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. మీకు నేర్పుతున్నవాళ్ళు ఏ వరస చెబితే టెస్టులో అదే చేయండి. కానీ ఏ పద్ధతిలోనైనా మారనిది ఒకటుంది: గొట్టం ముట్టుకునే ముందు లారీ పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకోవాలి. ట్రైలర్‌కి విడిగా పార్కింగ్ బ్రేకు వేసి ఉందో లేదో కళ్ళతో చూడాలి. ట్రైలర్ తన దగ్గర గాలి లేకే బ్రేకు మీద నిలబడి ఉంటుంది. ఎర్ర గొట్టం తగిలించగానే గాలి ఎక్కి ఆ బ్రేకు వదులవుతుంది. లారీ బ్రేకు కూడా వేసి లేకపోతే మొత్తం బండి కదిలిపోతుంది, రెండింటి మధ్య నిలబడ్డ మనిషి నలిగిపోతాడు. యార్డుల్లో డ్రైవర్లు ఇలా చనిపోతూనే ఉన్నారు.

ట్రైలర్ ఎత్తు ముందే చూడండి. లారీ ఫిఫ్త్ వీల్ (ట్రైలర్ ముందు భాగం కూర్చునే పళ్ళెం) ట్రైలర్ కిందికి దూరగానే ట్రైలర్ కొంచెం లేచేంత ఎత్తులో ఉండాలి. మరీ ఎత్తుగా ఉంటే కింగ్ పిన్ (ట్రైలర్ అడుగున ఉండే లావు పిన్ను) దాన్ని పట్టుకునే ఫిఫ్త్ వీల్ దవడల మీదుగా పోయి క్యాబిన్‌ని గుద్దుతుంది, లేదా అంచు మీద పట్టీపట్టనట్టు నిలుస్తుంది. క్లిక్కుమన్న శబ్దాన్ని నమ్మొద్దు. కింది గేరులో మెల్లగా ముందుకి లాగి చూసి, దిగి టార్చి వేసి మూడు చూడండి: దవడలు పిన్ చుట్టూ మూసుకున్నాయా, లాక్ హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్ళిందా, ఫిఫ్త్ వీల్‌కీ ట్రైలర్ ప్లేటుకీ మధ్య సందు లేదా. సందులోంచి వెలుతురు కనబడితే మళ్ళీ విప్పి తగిలించాల్సిందే. ట్రైలర్‌ని నిలబెట్టే కాళ్ళు పూర్తిగా ఎత్తేది ఇవన్నీ చూశాకే.

టెస్టులో తనిఖీ చేసేటప్పుడు ఒక్కో భాగాన్ని చేత్తో తాకి, పేరు చెప్పి, ఏం చూస్తున్నారో పైకి చెప్పండి: "కమాన్ పట్టీలు, విరగలేదు, జరగలేదు." "వీల్ నట్లు, వదులు లేవు, తుప్పు చారలు లేవు." నట్టు చుట్టూ తుప్పు చార ఉంటే అది కదులుతోందని గుర్తు. వెనక జంట టైర్లలో లోపలిది గాలి దిగినా బయటిది మోస్తుంది కాబట్టి చూపుకి తెలియదు, గేజి పెట్టే చూడాలి. రెండింటి మధ్య రాయి ఇరుక్కుని ఉంటే తీసేయండి, వేగంలో అది వెనకవాళ్ళ అద్దం మీదికి ఎగురుతుంది.

రోడ్డు మీద ఎక్కువ మార్కులు పోయేది అద్దాల దగ్గరే. చూసినా, తల కదలకపోతే పక్కనున్నవాళ్ళకి చూసినట్టు తెలియదు. మీ ముందు వెళ్ళే బండికి దూరం, మీ బండి పొడవులో ప్రతి 3 మీటర్లకి ఒక సెకను చొప్పున, 15 మీటర్ల బండికి 5 సెకన్లు. 65 కిలోమీటర్లు దాటితే ఇంకో సెకను కలపండి. రైలు పట్టాల మీద గేరు మార్చొద్దు. అవతల బండి మొత్తానికీ చోటు ఉంటేనే పట్టాల మీదికి ఎక్కండి. బండి ఎత్తు అడిగితే వెంటనే చెప్పగలగాలి, ఒక చీటీ మీద రాసి డాష్‌బోర్డుకి అంటించుకోండి.