వీగన్ అయ్యాక బరువు పెరిగితే తప్పు ఎవరిది?

కొండాపూర్ కోడలు:
పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు అన్నీ మానేశాను. మా ఆయనా అత్తయ్యా మానలేదు. వంట అందరికీ ఒక్కటే, వాళ్ల పెరుగు గిన్నె మాత్రం వేరు. సన్నబడతావని అందరూ అన్నారు, ఉల్టా నా జీన్స్ బిగుతైంది. డైటీషియన్ దగ్గరికి వెళ్తే "పెరుగు మళ్లీ మొదలుపెట్టు" అని ఒక్క మాటతో తేల్చేశారు. నేను మానింది జంతువుల కోసం, కాబట్టి ఆ దారి లేదు. ఇంతకీ బరువు పెరగడానికి కారణం వీగన్ తిండా, మనం వండే తీరా? అన్నం కొలుచుకుని తినాలా?

సైకిల్ భయ్యా:
కొలతలు అస్సలు వద్దు అక్కా. న్యూజిలాండ్‌లో బ్రాడ్ అని ఒక ట్రయల్ చేశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. ఇంతే తినాలని ఎవరికీ చెప్పలేదు, కడుపు నిండా తినమన్నారు. అంతా మొక్కల తిండే. ఏడాది తిరిగేసరికి సగటున 11 కిలోలకు పైగా తగ్గారు. క్యాలరీలు లెక్కపెట్టడం మొదలుపెడితే మనిషికి తిండి మీదే విరక్తి పుడుతుంది.

తార్నాక వాసి:
భయ్యా, సగమే చెప్పావు. ఆ ట్రయల్‌లో కడుపు నిండా తినమన్న మాట నిజమే, కానీ నూనెలు మానిపించారు. మొత్తం శక్తిలో కొవ్వు వాటా 7 నుంచి 15 శాతమే. రోజూ బి12 మాత్ర కూడా ఇచ్చారు. మన ఇళ్లలో అలా వండితే తినేవాళ్లెవరు?

మిర్చీ కా సాలన్ చూడండి. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరతాం. మిర్చిని విడిగా నూనెలో మగ్గిస్తాం. చింతపండు పులుసు పోశాక అంచుల చుట్టూ నూనె తేలితే గానీ దించం. ఇందులో పాలచుక్క లేదు, పక్కా వీగన్. ఒక పెద్ద చెంచా నూనె దాదాపు 120 క్యాలరీలు. వీగన్ అంటే కంచంలో ఏది ఉండదో చెప్తుంది అంతే, ఏది ఎంత ఉందో చెప్పదు.

మా వీధి చివర ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల ప్లేటు లెక్క ఉంది కదా. రోజుకి 2000 క్యాలరీల మనిషికి నూనె, కొవ్వులు 27 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మి.లీ. ఆ 300 తీసేస్తే సుమారు 10 గ్రాముల ప్రొటీన్ పోతుంది. ఆ ఖాళీని పప్పుతో నింపుకోవాలి. మనం పులిహోరతో నింపుతాం.

పల్లీచెట్నీ:
అన్నా, మస్తు చెప్పినవ్. మా అమ్మమ్మకు వీగన్ అంటే ఏందో తెల్వది. సకినాలు, సర్వపిండి, అప్పాలు, అన్నీ వీగనే గదా! రాత్రి అన్నం బంద్ జేసి జొన్నరొట్టె తిను అక్కా, బరువు అదే దిగుతది.

తార్నాక వాసి:
జొన్నకీ బియ్యానికీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు తమ్ముడూ. 100 గ్రాములకి రెండూ 330-360 మధ్యే. జొన్నలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది. రెండు రొట్టెల దగ్గర ఆగితేనే లాభం, ఆగకపోతే అన్నమే నయం.

పెరుగు పార్టీ:
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటా. డైటీషియన్ చెప్పింది రైటు. పెరుగన్నంతో భోజనం ముగిస్తే మనసు కుదురుతుంది. అది లేకపోతే రాత్రి పదకొండింటికి మిక్చర్ డబ్బా మూత లేస్తుంది. జంతువుల మీద ప్రేమ మంచిదే, ఒంటి మీద కూడా కొంచెం ఉండాలిగా.

కొండాపూర్ కోడలు:
మిక్చర్ డబ్బా సంగతి మీకెలా తెలిసిందండీ! అయినా పెరుగొక్కటే మందు అంటే ఒప్పుకోను. బాదం పాల ప్యాకెట్‌లో ప్రొటీన్ నామమాత్రమే, అందుకే సోయా పాలకి మారాను. అది ఆవుపాలకి కాస్త దగ్గరగా ఉంటుంది. తోడు పెడితే పెరుగులా పేరుకుంటుంది కూడా, ఆ వాసనే అలవాటు కావాలి.

నల్లకుంట బక్కోడు:
నా బాధ ఎవరికీ పట్టదు. వీగన్ అయ్యాక అడగకుండానే తగ్గిపోతున్నా. ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగు లేనివి వెతికితే చివరికి సలాడే దొరుకుతుంది.

తార్నాక వాసి:
అడగకుండా తగ్గుతుంటే ముందు డాక్టరుకి చూపించుకో తమ్ముడూ. తిండి తక్కువయ్యే అని తేలితే గుప్పెడు పల్లీలు, మీల్ మేకర్ కూర పెంచు. ఎండు మీల్ మేకర్‌లో సగం ప్రొటీనే.

కోడలు గారూ, మీరు అన్నం కొలిచే ముందు నూనె కొలవండి. ముగ్గురికి, రోజుకి 27 గ్రాముల చొప్పున, నెలకి రెండున్నర కిలోలు కూడా అవ్వదు. మీ ఇంట్లో నెలకి ఎన్ని లీటరు ప్యాకెట్లు?

కొండాపూర్ కోడలు:
ఐదు. ఆవకాయ నూనె వేరే.

తార్నాక వాసి:
లీటరు నూనె 910 గ్రాములు. ఐదు ప్యాకెట్లంటే మనిషికి రోజుకి 50 గ్రాములు. పైన పడేది ఒక్కొక్కరికీ రోజుకి 200 క్యాలరీలు. మీ ఆయన, అత్తయ్య కూడా అదే తింటున్నారు, వాళ్ల నడుముకీ టేపు చుట్టండి. మనవాళ్లలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్తపడాలంటారు.

సైకిల్ భయ్యా:
వేయించగా మిగిలిన నూనె పారబోస్తారు కదన్నా, అది కూడా కడుపులో వేశావ్.

కొండాపూర్ కోడలు:
పారబోయడమా! మా అత్తయ్య చూస్తుండగానా? మర్నాడు వంకాయ కూర దాంతోనే.

పెరుగు పార్టీ:
అయితే తప్పు అత్తగారిదన్నమాట. తేలిపోయింది.

కొండాపూర్ కోడలు:
ఆవిడ పేరెత్తకండి, ఈ ఫోన్ ఆవిడా చూస్తారు. ఈ నెల నుంచి మూడు ప్యాకెట్లే కొంటా. బి12తో పాటు థైరాయిడ్ టెస్టు కూడా చేయించుకుంటా, అన్నీ నూనె మీదకే తోసేయలేం కదా. అన్నం మాత్రం కొలవను, ఈ విషయంలో నేను భయ్యా వైపే.

తార్నాక వాసి:
కప్పుతో కొలవకపోయినా రెండోసారి వడ్డించుకునే ముందు పప్పు ఉందో లేదో చూసుకోండి చాలు.

పల్లీచెట్నీ:
గదంతా సరే గానీ, నూనె తక్కువేసి సాలన్ ఎట్ల జేస్తరో ఎవలన్న చెప్పున్రి. నీళ్ల సాలన్ అయితే నేను తినను, ముందే చెప్తున్న.