సముద్రం పక్కన ఎంటీబీ: ముందు ఏ పార్టు మార్చాలి, ఇంట్లో ఏది చూసుకోవాలి?

ఎంవీపీ పెడల్:
అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీ, ఇంటి నుంచి బీచ్ రోడ్డు నడిచే దూరం. రెండేళ్ల కిందట 27.5 అంగుళాల చక్రాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొన్నాను. ముందు 3, వెనక 7 గేర్లు, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, ముందు స్ప్రింగ్ ఫోర్కు. వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా వెళ్తాను, ఆదివారం కైలాసగిరి ఎక్కుతాను. ఈ వానల్లో పరీక్షలని రెండు నెలలు సైకిల్‌ని బాల్కనీలోనే వదిలేశాను. మొన్న కిందికి దించితే చైను ఎర్రగా తుప్పు పట్టి ఉంది. వెనక గేరు మారమంటే తటపటాయిస్తోంది. సీటు పోస్టు అసలు కదలడం లేదు. ఒక షాపులో చూపిస్తే గేర్లన్నీ తీసేసి ముందు ఒకటి, వెనక పది ఉండే సెట్ వేయించుకోమన్నారు. నా దగ్గర 6 వేలు ఉన్నాయి. ముందు ఏది మార్చాలి? ఇంట్లో నేనే చేసుకోగలిగినవి ఏవి? చేతిలో ఒక అలెన్ కీల సెట్, ఒక పంపు తప్ప ఏమీ లేవు.

భీమిలి రోడ్డు:
తమ్ముడూ, ముందు ఆ పది గేర్ల ఆలోచన పక్కన పెట్టు. వెనక 7 గేర్లున్న మామూలు ఎంటీబీల్లో చాలావాటికి ఉండేది ఫ్రీవీల్, క్యాసెట్ కాదు. అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి మొత్తం హబ్ (చక్రం నడిమి భాగం) మీద స్క్రూలాగా బిగుసుకుని ఉంటుంది. క్యాసెట్ అయితే హబ్ గాళ్లలోకి జారి కూర్చుంటుంది. పది గేర్ల క్యాసెట్ దాని మీద కూర్చోదు. వెనక చక్రమో హబ్బో మార్చాలి, తర్వాత డిరైలర్ (చైనుని పక్కకి జరిపేది), షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చేది), చైను, క్యాసెట్. నీ 6 వేలు వీటన్నిటికీ సరిపోవు. పైగా మన ఉప్పుగాలికి పాత గేరు, కొత్త గేరు అని తేడా లేదు. ఏడాది పట్టించుకోకపోతే అదీ ఇలాగే అవుతుంది.

డబ్బు పెట్టాల్సింది చైను, కేబుళ్లు, బ్రేక్ ప్యాడ్ల మీద. ఈ మూడూ అరిగిపోయే సామానే. బండి నడిచే తీరు మాత్రం వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు చైను కొలిచి చూడు. దీనికి ప్రత్యేకమైన గేజ్ అక్కర్లేదు, స్టీలు స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి, దాన్ని వదిలేసి తర్వాతి పిన్నులు లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల మీద పడుతుంది. ఆ పిన్ను 12 అంగుళాలకి 1/16 అంగుళం దాటి ఉంటే చైను మార్చే సమయం వచ్చినట్టు. 1/8 అంగుళం దాటిందంటే అరిగిన చైను వెనక పళ్లని కూడా తినేసి ఉంటుంది. అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే పెడల్ గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది. తుప్పు చూసి భయపడకు, కొలత చూసి నిర్ణయించుకో. పైపైన తుప్పు పట్టిన చైను కొలతలో బాగుండొచ్చు, తళతళలాడే చైను అరిగిపోయి ఉండొచ్చు.

ఎంవీపీ పెడల్:
అన్నా, కొలిచాను. మూడు చోట్ల చూశాను. 1/8 అంగుళం దగ్గరికి వచ్చింది, ఒక చోట దాటింది కూడా. రెండేళ్లలో చైనుకి నూనె వేయడం తప్ప ఇంకేమీ చేయలేదు.

సింధియా కొండ:
అయితే ఫ్రీవీల్ కూడా కొనుక్కో, 7 గేర్లదే. పెద్ద ఖర్చు కాదు. కానీ తీయడం దగ్గరే అందరూ చిక్కుకుంటారు. తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ ఇంకాస్త బిగుసుకుంటుంది, దాని మర ఆ దిక్కులోనే ఉంటుంది. రెండేళ్ల తొక్కుడు అంటే బాగా బిగిసి ఉంటుంది. మామూలు స్పానర్‌తో అయితే చేయి నొప్పి తప్ప ఫలితం ఉండదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. ఫ్రీవీల్ గాడికి సరిపోయే టూల్ కొను. గాళ్ల ఆకారాలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి చక్రం పట్టుకెళ్లి సరిచూసుకునే కొను. ఆ టూల్‌ని దగ్గర్లోని వెల్డింగ్ షాపులో బెంచ్ వైస్‌కి బిగించి, పైన చక్రాన్ని పడుకోబెట్టి, రెండు చేతులతో బస్సు స్టీరింగ్‌లా ఎడమవైపుకి తిప్పు. చక్రమే నీకు పొడవైన పట్టు. కొత్తది వేసేటప్పుడు మరకి గ్రీజు రాయడం మాత్రం మరిచిపోకు. మాకు సింధియా వైపు ఉప్పుకి తోడు పోర్టు బొగ్గు పొడి కూడా ఉంటుంది. గ్రీజు లేని మర ఏదైనా సరే రెండో ఏడాదికి ఊడదు.

ఇంకొక మాట. చక్రం తీశాక ఇరుసుని వేళ్లతో తిప్పి చూడు. వంకరగా తిరిగితే ఇరుసు వంగింది. ఫ్రీవీల్ హబ్బుల్లో కుడివైపు బేరింగు చాలా లోపలికి ఉంటుంది, బయట మిగిలిన ఇరుసుకి ఆధారం ఉండదు. మెట్ల మీద దూకించేవాళ్లకి అందుకే అక్కడ వంగుతుంది. ఒకవేళ హబ్ విప్పితే లోపలి బేరింగు గోళీలు కూడా మార్చేయి. మామూలుగా వెనక హబ్‌లో ఒక్కో వైపు 1/4 అంగుళం గోళీలు 9, ముందు హబ్‌లో 3/16 అంగుళానివి 10 ఉంటాయి. తీసినప్పుడు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకో.

లాసన్స్ బే:
సీటు పోస్టు గురించి నేను చెప్తాను, నాకూ ఇదే జరిగింది. అల్యూమినియం పోస్టు, ఫ్రేమ్ మధ్య ఉప్పు నీరు చేరితే తెల్లటి పొడిలాంటిది పేరుకుంటుంది. అది మామూలు తుప్పులాగా రాలిపోదు, ఉబ్బి సందుని బిగించేస్తుంది. బలవంతంగా పైపు రెంచితో పట్టి తిప్పొద్దు, ఫ్రేమ్ పగిలితే ఇక బండే లేదు.

ముందు సీటు క్లాంప్ పూర్తిగా తీసేయండి. తుప్పు వదిలించే నూనె దొరుకుతుంది కదా, దాన్ని పోస్టు చుట్టూ నాలుగైదు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న సీటుని రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి చూడండి. కదలకపోతే మళ్లీ చుక్కలు, మళ్లీ ఒక రాత్రి. నాది నాలుగో రోజు "కిర్రు" మని కదిలింది. ఆ శబ్దానికి అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. బయటికి వచ్చాక లోపలా బయటా గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు రాసి పెట్టండి. కార్బన్ పోస్టు అయితే మామూలు గ్రీజు వాడకూడదు, మీది అల్యూమినియమే అయ్యుంటుంది. అప్పటి నుంచి నేను నెలకోసారి పోస్టుని తీసి పెడుతున్నాను. రెండు నిమిషాల పని.

బోల్టుల సంగతి కూడా. నీళ్ల సీసా స్టాండు, మడ్‌గార్డు బోల్టులు తుప్పు పడితే హార్డ్‌వేర్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీలువి తెచ్చి వేసుకోవచ్చు. కానీ హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క), బ్రేకు, డిస్క్ బోల్టుల జోలికి అలా వెళ్లొద్దు. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు వాటి అసలు బోల్టు కంటే మెత్తగా ఉంటుంది. అక్కడ సైకిల్ కోసం చేసినవే వేయండి. నేను ఒకసారి స్టెమ్‌కి షాపులో దొరికింది వేస్తే బిగించేటప్పుడే తల తెగింది. ఇంట్లో తెగింది కాబట్టి బతికిపోయాను, కొండ దిగేటప్పుడు తెగి ఉంటే ఏమయ్యేదో.

మధురవాడ 29:
చైనుకి నూనె బదులు మైనం పట్టించండి. నేను ఏడాదిన్నరగా ఇదే చేస్తున్నాను. కొత్త చైనుకి కంపెనీ పూసిన జిడ్డు మొత్తం కిరసనాయిల్లో రెండు మూడు సార్లు కడిగి, ఆరబెట్టి, కరిగిన పారాఫిన్ మైనంలో ముంచి ఆడించాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టొద్దు, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. చేతికి నలుపు అంటదు, ఇసుక అతుక్కోదు, చైను ఎక్కువ కాలం వస్తుంది.

పెదవాల్తేరు:
బ్రదర్, మీరు మధురవాడలో ఉన్నారు, కొండ అడ్డం. మాకు బాల్కనీ తలుపు తీస్తే అలల చప్పుడు. మైనం పట్టించిన చైను ఒక వాన తడిస్తే తెల్లారేసరికి లింకుల పక్కలు ఎర్రబడ్డాయి నాకు. మైనం అరుగుదలని తగ్గిస్తుంది కానీ నూనెలాగా ఇనుము మీద తడి ఆడకుండా పొర కట్టదు. సముద్రం ఒడ్డున వానల్లో చిక్కటి నూనె తప్ప వేరే దారి లేదని నా అనుభవం.

మధురవాడ 29:
అది నిజమే గురూ. నేనూ అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు తిరిగే రోజుల్లో నూనెకే మారతాను. సంక్రాంతి తర్వాత మళ్లీ మైనం. అయితే చిక్కటి నూనె వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక్కో లింకుకి ఒక్క చుక్క వేసి, పది నిమిషాలాగి, పైనున్నదంతా గుడ్డతో తుడిచేయాలి. నూనె పని చేసేది లోపల రోలర్ దగ్గర. పైన మిగిలితే బీచ్ ఇసుకతో కలిసి పళ్లని ఆకురాయిలా గీకుతుంది. అలాగే తుప్పు వదిలించే స్ప్రేని చైను నూనె అనుకుని వాడొద్దు. అది చాలా పల్చన, ఒకటి రెండు రైడ్లకే పోతుంది.

యారాడ ఘాట్:
నేను బ్రేకుల గురించి రాస్తాను, ఎందుకంటే ఈ ఊళ్లో కొండ దిగే దారులు చిన్నవే గానీ నిట్టనిలువు. యారాడ వైపు దిగేటప్పుడు ఒకసారి నా లివరు హ్యాండిల్‌కి అంటుకుపోయింది. బండి ఆగలేదు, పక్కనున్న మట్టి గట్టుకి ఆనించి ఆపాను. ఇంటికొచ్చి చూస్తే ప్యాడ్ మీద సరుకు దాదాపు లేదు. ఆ రోజు నుంచి నెలకొకసారి ప్యాడ్లు బయటికి తీసి చూస్తాను. ఇనుప పలక మీద పదార్థం అర మిల్లీమీటరుకి వచ్చిందంటే మార్చాల్సిందే. నేను అయితే 1 మిల్లీమీటరుకే మార్చేస్తాను.

ప్యాడ్లు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుని వెళ్లండి, ఆకారాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. డిస్క్ మీద రెజిన్ ప్యాడ్లకి మాత్రమే అని చెక్కి ఉంటే మెటల్ ప్యాడ్లు వేయకూడదు, డిస్కు మెత్తన, త్వరగా తినేస్తాయి. తక్కువ ధర బళ్లలో ఎక్కువగా అలాంటి డిస్కులే వస్తాయి. డిస్క్ మందం కూడా చూడాలి. షిమానో డిస్కులు చాలావరకు కొత్తలో 1.8 మిల్లీమీటర్లు ఉంటాయి, 1.5కి వస్తే మార్చమని వాళ్లే చెప్తారు.

కేబుల్ బ్రేకుల్లో ఇంకో విషయం చాలామందికి తెలియదు. చాలా మోడళ్లలో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. లోపలిది కదలదు, డిస్కే కొంచెం వంగి దానికి ఆనుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ లోపలి ప్యాడ్‌ని స్క్రూతో దగ్గరికి జరపాలి. అందరూ లివరు దగ్గర కేబుల్ మాత్రమే లాగి బిగిస్తారు, దాంతో లివరు మెత్తగా అయిపోతుంది.

చైనుకి నూనె వేసేటప్పుడు వెనక డిస్కుకి పాత గుడ్డ కప్పండి. ఒక్క చుక్క పడినా కీచుమంటుంది, పట్టు పోతుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్కు తుడవొచ్చు. ప్యాడ్ నూనె తాగేసిందంటే మాత్రం గరుకు కాగితంతో రుద్దినా మళ్లీ సరిగ్గా పట్టదు. మార్చడమే మేలు.

భీమిలి రోడ్డు:
కేబుళ్ల గురించి చిన్న హెచ్చరిక. గేరు తొడుగు, బ్రేకు తొడుగు చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపల వేరు. గేరు తొడుగులో తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి, బ్రేకు తొడుగులో చుట్టలా తిరిగి ఉంటాయి. గేరు తొడుగుని బ్రేకుకి వేస్తే గట్టిగా పట్టినప్పుడు చీలిపోవచ్చు. లోపలి తీగ స్టెయిన్‌లెస్ స్టీలుదే అడుగు. మన గాలికి మామూలు జింకు పూత తీగ తొందరగా గరుకెక్కుతుంది. నీ గేరు తటపటాయింపుకి సగం కారణం అదే అయ్యుంటుంది.

కొత్త కేబుల్ వేశాక వెనక పెద్ద పళ్ల చక్రం ఎక్కడానికి చైను మొరాయిస్తే డిరైలర్ దగ్గర ఉన్న గుండ్రటి బ్యారెల్‌ని వెనక నుంచి చూస్తూ ఎడమవైపుకి పావు చుట్టు తిప్పు. ఎక్కేదాకా పావు చుట్టు చొప్పునే. చిన్న పళ్ల చక్రానికి దిగకపోతే కుడివైపుకి. హెచ్, ఎల్ అని రాసి ఉన్న స్క్రూలు దీనికోసం కాదు, అవి చైను చక్రాలు దాటి పడిపోకుండా కాపలా. వాటి జోలికి ముందే వెళ్లొద్దు.

ఎంవీపీ పెడల్:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. చైను, ఫ్రీవీల్, నాలుగు కేబుళ్లు, తొడుగులు, రెండు జతల ప్యాడ్లు, ఒక డబ్బా గ్రీజు, ఫ్రీవీల్ టూల్ కొన్నాను. 6 వేలు దాటలేదు, ఇంకా కొంచెం మిగిలింది. సీటు పోస్టు మూడో రోజు వచ్చింది అక్కా, మీరు చెప్పిన కిర్రు శబ్దంతోనే! ఫ్రీవీల్ వెల్డింగ్ షాపులో వైస్‌కి పెడితే చక్రం ఒక్క ఊపులో తిరిగింది. షాపు బాబాయ్ డబ్బులు తీసుకోలేదు. గేర్లు మాత్రం రెండు సాయంత్రాలు పట్టాయి, పావు చుట్టు అన్నది అర చుట్టు తిప్పేస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఏడూ సాఫీగా పడుతున్నాయి.

రెండు సందేహాలు. కొత్త ప్యాడ్లు వేశాక బ్రేకు సరిగ్గా పట్టడం లేదు. ఇంకొకటి, గట్టిగా తొక్కితే పెడల్ దగ్గర టిక్ టిక్ మంటోంది.

యారాడ ఘాట్:
ప్యాడ్లు ఇంకా డిస్కుకి అలవాటు పడలేదు. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద కొంచెం వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా మెల్లగా బ్రేకు పట్టి నడక వేగానికి తగ్గించాలి. ఒక్కో బ్రేకుతో విడిగా ఓ ఇరవై సార్లు. చివరికి వచ్చేసరికి పట్టు పెరగడం నీకే తెలుస్తుంది. అది అయ్యేదాకా కైలాసగిరి వద్దు.

లాసన్స్ బే:
ఫోర్కు గొట్టాల్ని కూడా రైడ్ తర్వాత మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. స్ప్రింగ్ ఫోర్కుల గొట్టాలు ఎక్కువగా స్టీలువి, పూత మీద ఉప్పు ఉంటే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది, అది లోపలి సీలుని చించుతుంది. గొట్టాల మీద స్ప్రే కొట్టొద్దు, లోపలి గ్రీజు కడుక్కుపోతుంది. బండికి నీళ్ల పైపు ధారగా పెట్టొద్దు, బేరింగుల్లోకి వెళ్తుంది. మగ్గుతో పోస్తే చాలు.

సింధియా కొండ:
టిక్ టిక్ కి ముందు రెండు పెడల్స్ విప్పి, మరలకి గ్రీజు రాసి మళ్లీ బిగించు. చాలాసార్లు అక్కడే పోతుంది. 15 మిల్లీమీటర్ల స్పానర్ కావాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, జాగ్రత్త. స్పానర్ పైకి నిలబెట్టి వెనక చక్రం వైపుకి లాగితే ఏ పక్క పెడలైనా ఊడుతుంది, ముందు చక్రం వైపుకి నెడితే బిగుస్తుంది. అప్పటికీ శబ్దం పోకపోతే క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) పట్టుకుని ఫ్రేమ్ వైపుకి, బయటికి ఊపి చూడు. రెండు వైపులా ఒకేలా ఊగితే బాటమ్ బ్రాకెట్ (రెండు క్రాంకుల మధ్య ఫ్రేమ్‌లో ఉండే బేరింగు) పోయింది. ఒక పక్కే ఊగితే ఆ క్రాంక్ బోల్టు వదులైంది, వెంటనే బిగించు. వదులుగా తొక్కితే క్రాంక్ లోపలి చదరపు రంధ్రం గుండ్రమైపోతుంది, తర్వాత ఎంత బిగించినా నిలవదు.

ఎంవీపీ పెడల్:
ఎడమ క్రాంకే ఊగుతోంది అన్నా. మీ మెసేజ్ చూసి ఇప్పుడే బాల్కనీలోకి వెళ్లి చూశాను. 8 మిల్లీమీటర్ల అలెన్ కీతో దాదాపు ముప్పావు చుట్టు తిరిగింది.